తక్కువ సంఖ్యలో తయారైన తుపాకీ కొనేముందు: వారంటీ, మరమ్మతుల గురించి చూసుకోవలసినవి

నా బల్ల సొరుగులో ఒక అగ్గిపెట్టె ఉంది. అందులో దూది మీద, బియ్యపుగింజలో సగం కూడా లేని ఉక్కుముక్క ఒకటి దాచి ఉంచాను. అది నా 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీలో ఎడమ గొట్టానికి చెందిన ఫైరింగ్ పిన్ కొన; తూటా అడుగున కొట్టి దానిని పేల్చే చిన్న ఉక్కు సూది అది. పరాయి రాష్ట్రంలో లైసెన్సుతో నడిచే ఒక చిన్న కార్ఖానా కొన్ని డజన్లు మాత్రమే తయారుచేసిన వరుసలో ఆ తుపాకీ ఒకటి. ఉక్కు మీద చెక్కిన లతలూ, అక్రోటు కర్ర మడమ మీది ఈనెలూ చూసి ముచ్చటపడి 2023 జులైలో కొన్నాను. 2024 ఫిబ్రవరిలో పిన్ కొన విరిగింది. వెంటనే కొట్టువారికి ఫోను చేసి చెప్పాను గానీ కాగితం మీద ఏమీ రాయలేదు. తుపాకీని పంపే ఏర్పాట్లు చూసుకుంటూ ఉండగానే మార్చి 16న ఎన్నికల ప్రకటన వెలువడింది. ఎన్నికలు ముగిసేవరకు ఆయుధాన్ని పోలీసు స్టేషనులో డిపాజిట్ చేయమని నోటీసు వచ్చింది. జూన్ 6న ఎన్నికల నియమావళి ఎత్తివేసిన తరువాత గానీ అది తిరిగి నా చేతికి రాలేదు. తీరా ఆగస్టులో కార్ఖానాకు చేరితే, బిల్లు తేదీ నుంచి ఏడాది దాటిపోయింది కనుక వారంటీ వర్తించదన్నారు. పిన్ను ఖరీదు పెద్దదేమీ కాదు. దానిని ఇక్కడి నుంచి అక్కడికి, అక్కడి నుంచి ఇక్కడికి చట్టబద్ధంగా చేర్చడానికే పిన్ను ఖరీదుకు ఎన్నో రెట్లు అయింది.

గుంటూరు, విజయవాడ ప్రాంతాల్లో లైసెన్సు ఉండి, ఇటువంటి అరుదైన ఆయుధం కొనాలని చూస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. నేను గ్రహించినది ఒక్కటే. వారంటీ కార్డు మీద ఎన్ని సంవత్సరాలు రాశారన్నది రెండో సంగతి. మరమ్మతు చేయగలిగిన మనిషి ఎక్కడున్నాడు, అతని దగ్గరికి ఆయుధం వెళ్లే దారి ఏది అన్నవి మొదటి సంగతి. ఆ దారి తెలియకుండా కొన్న వారంటీకి విలువ లేదు.

తక్కువ సంఖ్యలో తయారైనది అంటే ఏమిటి

మన దేశంలో ఈ మాట నాలుగు రకాల ఆయుధాలకు వర్తిస్తుంది. పెద్ద కర్మాగారాలు ప్రత్యేకమైన మెరుగుతోనో, ప్రత్యేకమైన పెట్టెలోనో పరిమితంగా విడుదల చేసేవి మొదటి రకం. చిన్న ప్రైవేటు కార్ఖానాలు చేతిపనితో చేసేవి రెండో రకం. ఒకప్పుడు విరివిగానే వచ్చి, తరువాత తయారీ ఆగిపోయిన మోడళ్లు మూడో రకం. తాతల నాటి నుంచి కుటుంబాల్లో ఉండి ఇప్పుడు చేతులు మారుతున్న ఇంగ్లీషు తుపాకులు నాలుగో రకం; వెస్ట్లీ రిచర్డ్స్, హాలండ్ అండ్ హాలండ్, పర్డీ వంటి సంస్థలు సంస్థానాధీశుల కోసం, జమీందారుల కోసం చేసి పంపినవి ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి.

నాలుగింటికీ మరమ్మతు విషయంలో ఒకటే ఇబ్బంది. వేల సంఖ్యలో తయారయ్యే ఆయుధంలో ఒకదాని స్ప్రింగు తీసి మరొకదానికి వేయవచ్చు, ఎందుకంటే ప్రతి భాగమూ ఒకే కొలతకు యంత్రం మీద వస్తుంది. కొన్ని పదుల సంఖ్యలో తయారైనదానిలో చాలా భాగాలను పనివాడు ఆకురాయితో అరగదీసి, ఆ ఒక్క తుపాకీకే కుదిర్చి ఉంటాడు. నా తుపాకీకి కార్ఖానావారు అదే వరుసలోని మరొక పిన్ను తెచ్చి వేస్తే అది పట్టలేదు. పొడవు సరిపోయింది గానీ భుజం మందమైంది. అక్కడి పెద్ద మేస్త్రీ ఒక పూట కూర్చుని దానిని సన్నం చేయవలసి వచ్చింది. అందువల్ల "విడిభాగాలు దొరుకుతాయి" అని అమ్మేవారు చెప్పినప్పుడు, అవి నేరుగా బిగించగలిగేవా, చేత్తో కుదర్చవలసినవా అని అడగండి. చేత్తో కుదర్చవలసినవైతే ఆ పని చేసే మేస్త్రీ ఎక్కడ ఉంటారో, ఆయన తరువాత ఆ పని తెలిసినవారు ఎవరున్నారో కూడా అడగండి. ఈ ప్రశ్న మొరటుగా ఉంటుందని మొహమాటపడవద్దు. చిన్న కార్ఖానాలో ఒక మనిషి చేతిలోని నేర్పే అసలైన వారంటీ.

కర్మాగారాల పేర్ల విషయంలో ఒక చిన్న జాగ్రత్త అవసరం. 2021 అక్టోబరు 1న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డు రద్దయి, దాని కింద ఉన్న 41 కర్మాగారాలూ ఏడు ప్రభుత్వ సంస్థలుగా విడిపోయాయి. చిన్న ఆయుధాల తయారీ కాన్పూర్ కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ కిందికి వచ్చింది. మీరు కొనబోయే .32 రివాల్వర్ తాలూకు పత్రాల మీద పాత బోర్డు పేరే ఉంటే, మరమ్మతు కోసం ఇప్పుడు ఏ చిరునామాకు రాయాలో కొనే రోజునే తెలుసుకుని, ఆ పత్రం వెనకనే రాసి పెట్టుకోండి.

ఆటోనగర్ వైపు చూడకూడదు

విజయవాడ ఆటోనగర్‌లో లేతు మీద తయారుకాని వస్తువు లేదని మనకందరికీ ఒక నమ్మకం, అది చాలావరకు నిజం కూడా. లారీ ఇంజనులో ఏ ముక్క అరిగినా నమూనా చూపిస్తే సాయంత్రానికి చేసి చేతిలో పెట్టే పనివారు అక్కడ ఉన్నారు. పిన్ను విరిగిన రోజు నాకూ ముందు అదే ఆలోచన వచ్చిందని దాచకుండా చెబుతున్నాను. అటువైపు అడుగు వేయకపోవడం నా అదృష్టం.

1959 నాటి ఆయుధ చట్టంలోని 5వ సెక్షన్, ఆయుధాల తయారీకీ అమ్మకానికీ ఎలా లైసెన్సు కావాలందో మరమ్మతుకూ అలాగే కావాలంటుంది. 2019 సవరణ తరువాత, ఆ సెక్షన్‌ను ఉల్లంఘించి మరమ్మతు చేసినా కనీసం ఏడేళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం వరకు శిక్ష పడవచ్చు. మనకు సాయం చేద్దామనుకున్న ఒక లేతు పనివాడిని అంత ప్రమాదంలోకి నెట్టడం ఏ విధంగానూ న్యాయం కాదు. మన లైసెన్సూ పోవచ్చు. కాబట్టి మరమ్మతుకు లైసెన్సు ఉన్న డీలరు లేదా తయారీదారు తప్ప మూడో దారి లేదు. మీ ఊళ్లో డీలరు ఉన్నంతమాత్రాన సరిపోదు. ఆయన లైసెన్సులో అమ్మకంతో పాటు మరమ్మతు కూడా ఉందో లేదో అడిగి చూడండి. తూటాలూ తుపాకులూ అమ్ముతూ, మరమ్మతు మాత్రం చేయని కొట్లు ఉన్నాయి.

ఇక ఆయుధాన్ని ఎవరు మోసుకెళ్లాలన్న ప్రశ్న. 3వ సెక్షన్‌లో మనకు పనికివచ్చే వెసులుబాటు ఒకటి ఉంది. లైసెన్సుదారు సమక్షంలో గానీ, ఆయన రాతపూర్వక అనుమతితో గానీ, మరమ్మతు కోసం లేదా లైసెన్సు రెన్యువల్ కోసం మరొకరు ఆయుధాన్ని తీసుకువెళ్లవచ్చు. ఆ మనిషికి సొంతంగా లైసెన్సు అవసరం లేదు. పెద్ద వయసువారికీ, ఆసుపత్రిలో ఉన్నవారికీ ఇది మేలు. అయితే ఆ అనుమతి నోటిమాటగా ఉండకూడదు. నేను మా తమ్ముడికి రాసి ఇచ్చిన కాగితంలో ఇలా ఉంది: "నా లైసెన్సు నంబరు ఇది. ఇందులో నమోదైన ఫలానా నంబరు గల 12 బోర్ తుపాకీని, తూటాలు లేకుండా, ఫలానా తేదీన గుంటూరులోని నా ఇంటి నుంచి ఫలానా లైసెన్సు పొందిన డీలరు వద్దకు మరమ్మతు నిమిత్తం తీసుకువెళ్లడానికి నా తమ్ముడికి ఇందుమూలంగా అనుమతి ఇస్తున్నాను." దానికి లైసెన్సు పుస్తకం నకలు, మా ఇద్దరి గుర్తింపు పత్రాల నకళ్లు జతచేశాను. ఒక నకలు మా స్టేషనులో ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. అది చట్టం అడిగినది కాదు గానీ, దారిలో ఎవరైనా ఆపితే ఆ ముద్ర ఎంతో ధైర్యం.

ఈ వెసులుబాటును చూసుకుని రాష్ట్రం దాటాలనుకోవద్దు. చాలామంది లైసెన్సులు ఆంధ్రప్రదేశ్ వరకే చెల్లుతాయి. కాన్పూర్‌కో కోల్‌కతాకో తీసుకువెళ్లాలంటే మీ లైసెన్సులో ప్రాంత పరిధి పొడిగింపు అయినా ఉండాలి, రవాణాకు తగిన అనుమతి ఉన్న డీలరు ద్వారా అయినా వెళ్లాలి. మామూలు కొరియర్ కవరులోనో రైలు పార్సిలులోనో, ఎవరికీ చెప్పకుండా పంపే వస్తువు కాదిది. ఒక్క పిన్ను లేదా స్ప్రింగు మాత్రమే రావాలన్నా, ఆయుధ భాగాలు కూడా చట్టం దృష్టిలో ఆయుధమే కనుక, డీలరు ద్వారానే తెప్పించాలి. కొనే ముందే డీలరును సూటిగా అడగవలసినది ఇది: వారంటీ కాలంలో పాడైతే కార్ఖానాకు మీరే పంపిస్తారా, ఆ ఖర్చు ఎవరిది, రానూ పోనూ ఎన్నాళ్లు పడుతుంది? జవాబును బిల్లు మీద గానీ లెటర్‌హెడ్ మీద గానీ రాయించుకోండి. రాయడానికి వెనకాడే కొట్టులో అరుదైన తుపాకీ కొనవద్దని నా సలహా.

బదులు ఇస్తామన్నప్పుడు

ఫ్రిజ్ పాడైతే కంపెనీ కొత్తది ఇచ్చి పాతది తీసుకుపోతుంది. తుపాకీకి అది చెల్లదు. మీ లైసెన్సు పుస్తకంలో ఆయుధం నంబరు ఉంటుంది, తయారీదారు పేరు ఉంటుంది. బదులుగా వచ్చేదానికి వేరే నంబరు ఉంటుంది. పుస్తకంలో నమోదు కాని నంబరు మీ ఇంట్లో ఉంటే, అది వారంటీ కింద వచ్చిందా, మరో విధంగా వచ్చిందా అని ఎవరూ విచారించరు. కనుక మార్పిడి చేయించుకునే ముందు లైసెన్సు ఇచ్చిన అధికారికి దరఖాస్తు పెట్టి, పాతది తీసివేసి కొత్తది చేర్చడానికి అనుమతి తెచ్చుకోవాలి. 2019 సవరణ ప్రకారం ఒక మనిషి వద్ద ఉండదగిన తుపాకులు రెండే. ఇప్పటికే మీ పేరున రెండు ఉంటే, పాతది నమోదు నుంచి పోయేవరకు కొత్తదానికి చోటే లేదు.

గొట్టం లేదా నంబరు వేసి ఉన్న చట్రం మార్చవలసి వచ్చినా ఇదే వరస. మరో సంగతి చాలామంది గమనించరు. తుప్పు పట్టిందనో మెరుగు పోయిందనో మళ్లీ బ్లూయింగు (ఉక్కుకు వేసే నల్లని నీలి పూత) చేయించేటప్పుడు బఫింగు చక్రం మీద నంబరూ, ప్రూఫ్ ముద్రలూ (గొట్టం బలాన్ని పరీక్షించినట్లు వేసే గుర్తులు) అరిగి మసకబారుతాయి. 8వ సెక్షన్ ప్రకారం ఆయుధం మీది పేరు, నంబరు, గుర్తింపు ముద్రలను చెరపడం, తొలగించడం, మార్చడం నేరం. పని ఒప్పుకునే ముందే ముద్రల మీద చక్రం తగలకూడదని మేస్త్రీకి చెప్పి రసీదులో రాయించండి. పాత తుపాకీలో ఆ ముద్రలే దాని చరిత్ర. లండన్, బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌసుల గుర్తులు పోతే ఆ తుపాకీ ఏ పీడనానికి పరీక్షించబడిందో చెప్పే సాక్ష్యం ఇంకొకటి ఉండదు.

అమెరికా నుంచి వచ్చే మాటలు

మా ప్రాంతంలో ఇంటికి ఒకరు అమెరికాలో ఉంటారు. వారు అక్కడి కంపెనీల పేజీలు పంపి, జీవితకాలం వారంటీ ఉంది కదా అంటారు. అక్కడ 1975లో వచ్చిన మాగ్నుసన్ మాస్ వారంటీ చట్టం, వారంటీ పూర్తిదా పరిమితమైనదా అన్నది స్పష్టంగా చెప్పాలంటుంది. అక్కడి సమాఖ్య చట్టం ప్రకారం యజమాని తన తుపాకీని నేరుగా లైసెన్సు ఉన్న తయారీదారుకు పంపవచ్చు. తయారీదారు బాగుచేసిన తుపాకీని, లేదా అదే రకానికి చెందిన బదులు తుపాకీని, తిరిగి అతనికే పంపవచ్చు. ఆ వారంటీ నిలబడేది ఆ దారి ఉన్నందువల్లనే. మనకు ఆ దారి లేదు. 1980ల నడుమ నుంచి సాధారణ లైసెన్సుదారులకు విదేశీ తుపాకుల దిగుమతి మూసుకుపోయింది. ఇక్కడ చేతులు మారే విదేశీ ఆయుధాలు దాదాపుగా అన్నీ పాతవే. మొదటి కొనుగోలుదారుకు మాత్రమే అన్న షరతు ఉన్న వారంటీ, మూడో చేతికి వచ్చిన తుపాకీకి ఏ విధంగానూ పనిచేయదు.

ప్రైవేటుగా ఒకరి నుంచి కొంటున్నప్పుడు మరొకటి గుర్తుంచుకోవాలి. అమ్మేవారు జిల్లా మెజిస్ట్రేటుకు గానీ దగ్గరి స్టేషను అధికారికి గానీ రాతపూర్వకంగా తెలిపి, 45 రోజులు గడిచిన తరువాతనే అప్పగించాలి. ఆ 45 రోజులను ఊరికే పోనివ్వకుండా, ఆయుధాన్ని లైసెన్సు ఉన్న ఆర్మరర్‌కు, అంటే తుపాకులు బాగుచేసే నిపుణుడికి, అమ్మేవారి సమక్షంలోనే చూపించి నివేదిక తీసుకోండి.

కొట్టులో కౌంటరు దగ్గర

చూసే ప్రతిసారీ తుపాకీ ఖాళీగా ఉన్నదని కళ్లతో చూసి, వేలితో తడిమి, ఆ తరువాతనే మిగతా పని. కొట్టువారు చెప్పారు కదా అని ఊరుకోకూడదు.

డబుల్ బ్యారెల్ అయితే ముందు నంబర్లు చూడండి. గొట్టాల మీద, చట్రం మీద, ముందు కర్ర కింది ఇనుము మీద ఒకే నంబరు ఉండాలి. తేడా ఉంటే ఎప్పుడో ఒక భాగం మారిందన్నమాట. అటువంటిదానికి తయారీదారు బాధ్యత వహించడు. తరువాత ముందు కర్ర తీసి, గొట్టాలు మూసి, చట్రానికీ గొట్టాల వెనక అంచుకూ మధ్య వెలుతురు కనిపిస్తుందేమో కిటికీ వైపు పెట్టి చూడండి. వెలుతురు కనిపించినా, చేత్తో పక్కకు కదిపితే కదిలినా, కీలు అరిగినట్లు. ఆపైన గొట్టాలను విడదీసి, కొక్కెం దగ్గర ఒక వేలితో వేలాడదీసి, గోటితో మెల్లగా మీటండి. రెండు గొట్టాలనూ కలిపే పట్టీల అతుకు గట్టిగా ఉంటే దేవుడి గదిలోని చిన్న గంటలా సన్నని నాదం సాగుతుంది. ఎక్కడైనా అతుకు ఊడి ఉంటే పగిలిన కుండ మీద కొట్టినట్లు మొద్దుగా ఆగిపోతుంది. నా చిన్నప్పుడు మా తాతగారు ఈ పరీక్ష చేస్తుంటే ఆడుకుంటున్నారనుకునేవాడిని. ఊడిన పట్టీని తిరిగి అతకడం చాలా ఖర్చైన పని, అది చేయగలిగినవారు దేశంలో కొద్దిమందే ఉన్నారు.

గొట్టం మీద చాంబరు (తూటా కూర్చునే గది) పొడవు 65, 70 లేదా 76 మిల్లీమీటర్లని ముద్రించి ఉంటుంది. పాత ఇంగ్లీషు తుపాకుల్లో రెండున్నర అంగుళాలని ఉంటుంది, అది 65తో సమానం. 65 చాంబరులో 70 తూటా లోపలికి దూరుతుంది, పేలుతుంది కూడా. చిక్కు అక్కడే వస్తుంది. తూటా మూతి విచ్చుకోవడానికి చోటు చాలక పీడనం పెరిగి, చట్రం మీదా కీలు మీదా భారం పడుతుంది. అలా పాడైనదానికి ఏ వారంటీ వర్తించదు. వాడిన తూటాల పెట్టెను తయారీదారు అడగవచ్చు. కనుక ఈ చాంబరుకు సరిపడే తూటాలు మీ డీలరు వద్ద ఎప్పుడూ దొరుకుతాయా లేదా అన్నది కూడా మరమ్మతు ప్రశ్నే. ఖాళీ పెట్టె మీది బ్యాచి నంబరును ఒక పుస్తకంలో రాసుకోండి.

రివాల్వర్ అయితే రకాన్ని బట్టి చూడవలసినవి మారతాయి. మన కర్మాగారాల పాత .32 రివాల్వర్లు మధ్యకు విరిచి తూటాలు వేసే రకం. 2014లో కాన్పూర్ ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ తెచ్చిన, దాదాపు 500 గ్రాముల బరువున్న నిర్భీక్ కూడా ఆ రకమే. 2023 ఆగస్టులో వచ్చిన ప్రబల్‌లో సిలిండరు పక్కకు తెరుచుకుంటుంది. విరిచే రకంలో పైన ఉన్న కొక్కెమూ కింద ఉన్న కీలూ వదులయ్యాయేమో చూడాలి. పక్కకు తెరిచే రకంలో సిలిండరును మోసే చేయి వంగకుండా ఉందో లేదో చూడాలి. సిలిండరును విసురుగా చేత్తో కొట్టి మూసే అలవాటు ఆ చేతిని వంచుతుంది, అది వాడకం లోపమని కార్డులో ముందే రాసి ఉంటుంది. రెండు రకాల్లోనూ హ్యామరు వెనక్కు లాగినప్పుడు సిలిండరులోని ప్రతి తూటా గదీ గొట్టానికి సూటిగా వచ్చి నిలవాలి. ఆరు గదుల్లో అయిదు బాగుండి ఒకటి తేడాగా నిలిస్తే, అది తయారీలోని లోపమే. ఆ రోజే, ఆ కౌంటరు మీదనే చెప్పండి.

వట్టి ట్రిగ్గరు నొక్కి చూడాలన్న కోరిక అందరికీ ఉంటుంది. చేతిపని తుపాకుల్లో ఫైరింగ్ పిన్ కొనలు విరగడానికి ఒక ప్రధాన కారణం అదే. కొట్టువారి అనుమతితో, తూటా గదిలో స్నాప్ క్యాప్ (మందు లేని ఉత్తుత్తి తూటా) పెట్టి మాత్రమే నొక్కండి. నా పిన్ను విరగడానికి అదే కారణమని కార్ఖానావారు వాదించారు. స్నాప్ క్యాపులు వాడుతున్నానని చూపించడానికి నా దగ్గర వాటిని కొన్న బిల్లు ఉంది కాబట్టి ఆ వాదన ఆగిపోయింది, గడువు వాదన మాత్రం మిగిలింది.

కార్డు చదవడం

కార్డులో సంవత్సరాల కంటే ముందు చూడవలసినది గడువు ఎప్పటి నుంచి మొదలవుతుందన్నది. బిల్లు తేదీ నుంచా, ఆయుధం మీ చేతికి వచ్చిన తేదీ నుంచా, లైసెన్సులో నమోదైన తేదీ నుంచా? మన పద్ధతిలో ఈ మూడింటికీ మధ్య వారాలు గడిచిపోవచ్చు. చేతికి అందిన తేదీ నుంచి లెక్కించమని అడిగి, బిల్లు మీదనే రాయించుకోవడం మంచిది. పోలీసు డిపాజిట్‌లో ఉన్న కాలాన్ని గడువులో కలపరాదన్న ఒక్క వాక్యం కూడా అడగండి. చిన్న కార్ఖానావారు మర్యాదగా అడిగితే ఒప్పుకుంటారు. వారికి కూడా మంచి పేరు కావాలి.

తుప్పును దాదాపు ఏ వారంటీ ఒప్పుకోదు. కృష్ణ ఒడ్డున వానాకాలం గాలి ఎలా ఉంటుందో మనకు తెలుసు. తోలు సంచీలో, ఉన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టిన ఉక్కు ఆ చెమ్మను పీల్చుకుని నెలలో ఎర్రబడుతుంది. తోలు సంచీ ప్రయాణానికి మాత్రమే. డిపాజిట్‌కు ఇచ్చే ముందు రోజు గొట్టం లోపల, బయట పలచగా నూనె రాసి, నూలుగుడ్డతో తుడిచి, నంబరు కనిపించేలా నాలుగు వైపులా ఫొటోలు తీయండి. రసీదులో నంబరుతో పాటు "గీతలు, తుప్పు లేవు" అని రాయమని కోరండి. మా స్టేషనులోని రైటర్ గారు నా మాట మన్నించి ఆ మూడు మాటలు రాశారు. తరువాత కార్ఖానాతో మాట్లాడేటప్పుడు తుప్పు సంగతి ఎత్తనివ్వకుండా చేసింది ఆ మూడు మాటలే.

లోపం కనిపించిన రోజున

ఫోను చేయండి, కానీ ఫోనుతో ఆగవద్దు. అదే రోజు డీలరుకూ తయారీదారుకూ స్పీడ్ పోస్టులో ఉత్తరం, దానితో పాటు ఈమెయిలు పంపండి. లోపం ఏమిటి, ఎన్ని తూటాలు పేల్చిన తరువాత కనిపించింది, ఏ తూటాలు వాడారు, ఆయుధం ప్రస్తుతం ఎక్కడ ఉంది, వారంటీ కింద బాగుచేయమని కోరుతున్నాను, ఇంతే. నేను ఫిబ్రవరిలో ఈ ఉత్తరం రాసి ఉంటే, ఆగస్టులో గడువు గురించి నాతో ఎవరూ మాట్లాడలేకపోయేవారు. విరిగిన ముక్కలను పారేయవద్దు. మరొకరితో విప్పించవద్దు.

అప్పటికీ న్యాయం జరగకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం మనకు అండగా ఉంది. సొంత వాడకానికి కొన్న తుపాకీ కూడా ఆ చట్టం దృష్టిలో వస్తువే. 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా పనిచేసే చోట ఫిర్యాదు వేయవచ్చు కనుక, అమ్మినవారు ఉత్తరాదిన ఉన్నా గుంటూరు లేదా విజయవాడలోని జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్ పరిధి. 5 లక్షల లోపు అయితే ఫిర్యాదు రుసుము లేదు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా వేయాలి. పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే, కమిషన్ వస్తువును తగిన ప్రయోగశాలకు పంపి నివేదిక తెప్పిస్తుంది. ముక్కలు దాచమన్నదీ, విప్పించవద్దన్నదీ అందుకే. దానికి ముందు 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తే, కొన్ని తగాదాలు అక్కడే తీరిపోతాయి.

తిరిగి వచ్చినప్పుడు

మరమ్మతు నుంచి వచ్చిన తుపాకీని అందుకునేటప్పుడు లైసెన్సు పుస్తకం చేతిలో పెట్టుకుని నంబరు అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఏ భాగం మార్చారు, పాత భాగం తిరిగి ఇచ్చారా, మార్చిన భాగానికి కొత్తగా ఎంతకాలం పూచీ అన్నవి మరమ్మతు బిల్లులో ఉండాలి. మరమ్మతు కాలంలో మీ లైసెన్సు గడువు ముగియబోతుంటే ముందే రెన్యువల్‌కు పెట్టండి. చెల్లని లైసెన్సు మీద డీలరు ఆయుధాన్ని మీకు అప్పగించలేరు. పేల్చి చూడాలన్న తొందరలో పొలం గట్టుకు వెళ్లవద్దు. ఇతరుల భద్రతకు ముప్పు కలిగేలా నిర్లక్ష్యంగా పేలిస్తే రెండేళ్ల వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చని 2019 సవరణ చెబుతోంది. అనుమతి ఉన్న రేంజిలో, ఆర్మరర్ పక్కన ఉండగా, మొదట ఒక్కొక్క తూటాయే వేసి పేల్చాలి. పేలిన తూటాల అడుగున ప్రైమరు (పిన్ను తగిలి మందును అంటించే చిన్న బిళ్ల) మీద పిన్ను గుర్తు రెండు గొట్టాల్లోనూ ఒకే లోతుగా, నడిమధ్యన పడిందో లేదో చూడాలి. నా తుపాకీ ఎడమ గొట్టం గుర్తు ఇప్పుడు కుడిదాని కంటే వెంట్రుకవాసి లోతు తక్కువ. ఆ రెండు ఖాళీ తూటాలనూ తేదీ వేసి, మరమ్మతు బిల్లుకు గుచ్చి, అగ్గిపెట్టె ఉన్న సొరుగులోనే ఉంచాను. వచ్చే ఏడాది రేంజికి వెళ్లినప్పుడు కొత్త గుర్తును వాటి పక్కన పెట్టి చూస్తాను.